వీపు మీద మూడో గీత

పెళ్లయి ముప్ఫై తొమ్మిది రోజులైన కొత్త కోడలికి అత్తవారింట అన్నిటికన్నా నచ్చిన వస్తువు ఒక ముక్కాలిపీట. అది పైన ఇంట్లో ఉండదు. ఇంటి కింద ఉన్న గిటార్ల మరమ్మతు షాపులో, భర్త పనిచేసే బల్లకు జానెడు దూరంలో ఉంటుంది. దాని మీద కూర్చుంటే, అతను ఆకురాయి లాగినప్పుడల్లా మోచెయ్యి వచ్చి ఆమె భుజానికి తగులుతుంది. తగలకపోతే ఆమే కాస్త జరుగుతుంది. వృక్షశాస్త్రంలో డిగ్రీ చేసిన మనిషి, కాడల్ని అడ్డంగా కోసి మైక్రోస్కోపులో చూసి రికార్డు పుస్తకాల నిండా బొమ్మలు గీసిన మనిషి, ఇప్పుడు ఒక మోచెయ్యి తగిలిందా లేదా అని రోజంతా చూసుకుంటోంది. ఎవరికైనా చెబితే నవ్వుతారని తెలుసు. ఆమెకే నవ్వొస్తోంది.

ఆ పీట ఆమెకు ఊరికే రాలేదు. మామగారి షాపులో ఒక పద్ధతి ఉంది. గిటార్ లోపలికి రాగానే మొదట జరిగేది మరమ్మతు కాదు, గీతలు ఎక్కించడం. అచ్చువేసిన కాగితం మీద రెండు గిటార్ ఆకారాలుంటాయి, ఒకటి ముఖం, ఒకటి వీపు. వచ్చిన గిటార్ మీద అప్పటికే ఉన్న ప్రతి గీతనీ, ప్రతి నొక్కునీ ఆ ఆకారాల మీద ఉన్నచోట ఉన్నట్టు గీసి, అంకె వేసి, తెచ్చినవాళ్ల చేత సంతకం పెట్టించుకుంటారు. తిరిగి ఇచ్చే రోజున మామగారు కాగితం పట్టుకుని ఒక్కో అంకె పైకి చదువుతూ, గిటార్ మీద ఆ గీతను వేలితో ముట్టుకుని చూపిస్తారు. కాగితం మీద ఉన్న గీత తెచ్చినవాళ్లది. లేని గీత షాపుది. అంతే, వాదనలుండవు.

ముప్ఫై ఏళ్లలో ఆ కాగితాలు ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు. కొడుకు గీస్తే గిటార్‌కీ గుమ్మడికాయకీ తేడా తెలియదని ఆయన అభిప్రాయం. కోడలి రికార్డు పుస్తకాలు రెండు రోజులు తిరగేసి, మూడో రోజు పిలిచారు.

"చెయ్యి బాగుందమ్మా. ఒక నెల కూర్చో. ఒక్క తప్పు కాగితం రాకుండా నెల దాటితే పీట నీది. తప్పొస్తే పైకెళ్లి మీ అత్తయ్యతో కబుర్లు చెప్పుకో. ఒక్కటే గుర్తుపెట్టుకో. చూసి గీయాలి. విని గీయకూడదు."

రేపటితో నెల.

మధ్యాహ్నం మామగారు ముందు పైకి వెళ్లి భోంచేస్తారు. ఆ అరగంటా షాపు వాళ్లిద్దరిదీ. ఆయన ముందు భర్తను "మీరు" అనే ఆమె, మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు ఆగగానే "నువ్వు"లోకి దిగిపోతుంది. ఈ మార్పు కూడా ఆమెకు ఇష్టమే. బిగుతు చెప్పులు విప్పినట్టుంటుంది.

"సైంటిస్టు గారూ, ఒక రహస్యం," అన్నాడు అతను ఆ రోజు, డబ్బా మూత తీస్తూ. "మొహం మార్చనంటేనే చెబుతా."

"నీ రహస్యాలన్నీ తిండి గురించే. ఏం తిన్నావు?"

"తినలేదు. తీసేశా."

లేచి వెళ్లి మూడింటికి ఇవ్వాల్సిన గిటార్ తెచ్చి, ఫెల్టు గుడ్డ మీద బోర్లా పడుకోబెట్టాడు. అది గిటార్ నేర్పే ఒక టీచరుగారిది. మెడ మీది లోహపు మెట్లు అరిగిపోయి తీగలు జరజరమంటున్నాయని తెచ్చారు. కొత్త మెట్లు వేసి, తీగలు బిగించి, అంతా సిద్ధం చేశారు. పన్నెండు రోజుల పని.

"నిన్న సాయంత్రం తుడుస్తుంటే వీపు మీద కుడిపక్క, కింద, వేలెడు గీత కనిపించింది. కాగితం చూస్తే కుడిపక్క ఏమీ లేదు. నా ఏప్రన్ బకిల్ సరిగ్గా ఆ ఎత్తుకే వస్తుంది. గుండె జారి చెప్పుల్లో పడిందనుకో."

"మామయ్యకి చెప్పావా?"

"చెప్పి బతికుండమంటావా? పొద్దున ఆయన చెక్క కొనడానికెళ్లారు, మీరు పైన అత్తాకోడళ్ల సభలో ఉన్నారు. రెండు గంటలు. నీళ్లలో తడిపి రుద్దే సన్న వాటర్ పేపరు, ఒక చుక్క నూనె, పైన లక్క పూత. ఎక్కడుందో కనిపెట్టు చూద్దాం."

ఆమె కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూసింది. వెలుగు తేనెరంగు చెక్క మీద నీళ్లలా జారిపోయిందే తప్ప ఎక్కడా ఆగలేదు. చాలాసేపు చూస్తే, ఒకచోట మెరుపు మిగతా ఒంటికన్నా కొంచెం ఎక్కువేమో అనిపించింది, పెళ్లిబట్టల్లో ఉన్నవాడి మొహంలా. అంతే.

"దొంగ," అంది మురిపెంగా. ఆ వేళ్లకు అంత నేర్పుందా అని వాటిని చూస్తూ రెండు ముద్దలు ఎక్కువే తింది.

చెయ్యి కడుక్కుని, మూడింటికి కావాల్సిన కాగితం ఫైల్లోంచి తీసింది. ఇచ్చే ముందు ఒకసారి సరిచూసుకోవడం ఆమె తనకు తాను పెట్టుకున్న అలవాటు. ఒకటి, ముఖం మీద గోటి గీత. ఉంది. రెండు, అంచున చిన్న నొక్కు. ఉంది. గిటార్ తిప్పింది. మూడు, వీపు మీద ఎడమపక్క, కింద, వేలెడు గీత.

ఎడమపక్క ఏమీ లేదు.

చున్నీ అంచుతో తుడిచింది. వేలి కొసతో తడిమింది. గోరు ఎక్కడా తట్టుకోలేదు. కాగితాన్ని మళ్లీ చూసింది. తన చేత్తో, తనకు గర్వమైన సన్నటి నల్ల గీతతో, ఎడమపక్కనే గీసి ఉంది. పక్కన మూడు అంకె, ముద్దుగా, తోక కాస్త ఒంపు తిరిగి.

ఆ తోక ఒంపు చూడగానే ఆ రోజంతా కళ్లముందుకొచ్చింది. మామగారు బయటికి వెళ్లారు. టీచరుగారు తొందరలో ఉన్నారు. అతను గిటార్‌ని నిలువుగా పైకెత్తి ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. ముఖం ఆమె వైపు, వీపు అతని వైపు. "నేను చెబుతా, నువ్వు రాసుకో," అన్నాడు. ఆమె పీట మీంచి లేవలేదు. గిటార్ అంచు మీదుగా అతని కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, కనుబొమలు ఒకటి తర్వాత ఒకటి ఎగరేస్తున్నాడు, ఆమె నవ్వు ఆపుకోలేక చస్తోంది. "వీపు. కుడిపక్క, కింద, వేలెడు," అన్నాడు. ఎదురుగా ఉన్నవాడి కుడి నాకు ఎడమ కదా అని ఆమె తెలివిగా ఆలోచించింది. ఆలోచించి ఎడమపక్క గీసింది. అతను చూస్తున్నది వీపునే. కాగితం మీద ఉన్నదీ వీపే. అతని కుడి కుడే. తప్పులేని మాటను ఆమె దిద్దింది. చుట్టాలావిడ పెళ్లికి వెళ్లే తొందరలో టీచరుగారు చూడకుండానే సంతకం పెట్టేశారు.

"ఆ గీత నీది కాదు," అంది.

"ఏ గీత?"

"నువ్వు తీసింది. అది టీచరుగారిది. మూడో నంబరు. నేనే ఎడమపక్క వేశాను."

అతను నవ్వాడు. కాగితం చూశాడు. గిటార్ చూశాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది గాని దాని వెనక మనిషి లేడు.

"కాగితం చూశానన్నావు కదా. ఎడమపక్క ఉండాల్సింది లేదని చూడలేదా?"

"పన్నెండు రోజుల కింద నేను చెప్పింది నాకే గుర్తులేదు. ఉన్న గీత చూసి ప్రాణం పోతుంటే, లేని గీత కోసం ఎవడు వెతుకుతాడే?"

ఇద్దరికీ తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. అడగని గీతను ఆ షాపులో ముట్టుకోరు. లక్క పూత ఉల్లిపొర కన్నా పలచన. రుద్దిన ప్రతిసారీ ఒక పొర పోతుంది, పోయింది మళ్లీ రాదు. పొరపాటున గీత పెట్టినవాణ్ని మామగారు క్షమిస్తారేమో గాని, అడక్కుండా గీత తీసినవాణ్ని క్షమించరు. దానికి తోడు తప్పు కాగితం. ఇరవై తొమ్మిది రోజులు ఒక్క పొల్లు పోకుండా కాపాడుకున్న పీట.

గోడ గడియారంలో రెండూ ఇరవై.

"కాగితం మార్చేద్దాం," అంది, అంటూనే తెలుసు కుదరదని. టీచరుగారి సంతకం ఇంకుతో, దిట్టంగా, తారీఖుతో సహా ఉంది.

అతను పనిముట్ల పెట్టె తెరిచి, చెక్క మీద గుర్తులు పెట్టే ఉక్కు సూది తీశాడు.

"కాగితంలో ఎడమపక్క ఉంది," అన్నాడు మెల్లగా. "గిటార్ మీద లేదు. ఉంటే సరిపోతుంది కదా."

ఆమె సూదినీ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది.

"గీత పెడతావా?"

"ఒకటి తీశాం, ఒకటి పెడతాం. నాన్న వేలు పెడతారు, ఆవిడ తలూపుతారు. రేపు పీట నీది."

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, ఆమె స్కేలు తీసింది. కాగితం మీద అంచు నుంచి గీత ఎంత దూరమో కొలిచి, గిటార్ మీద ఎంత రావాలో లెక్కగట్టింది. గిటార్ కదలకుండా రెండు పక్కలా గుడ్డ ఉండలు పెట్టింది. ఏ కోణంలో పడితే బకిల్ గీతలా సహజంగా ఉంటుందో కూడా చెప్పింది, చదువుకున్న పిల్ల కదా. జీవితంలో మొదటిసారి ఇద్దరూ కలిసి ఇంత ఒద్దికగా ఒక పని చేస్తున్నారు. సూది పక్కకు జారకుండా ఆమె అతని మణికట్టు పట్టుకుంది. సూది మొన చెక్క మీదికి దిగింది. ఇంక వెంట్రుకవాసి.

పైన కుర్చీ జరిగింది. చెప్పుల్లో కాళ్లు దూరిన చప్పుడు.

"త్వరగా," అంది. అన్నాక, ఆ గొంతు తనదేనా అనిపించింది. సూది కింద అరచెయ్యి అడ్డం పెట్టేసింది.

"వద్దు."

"ఏం వద్దు? తియ్యి చెయ్యి, దిగుతున్నారు."

"ఆయన దాని మీద వేలు పెడతారు. నేను గీశానని నమ్మి పెడతారు. పక్కనే నిలబడి నేనది చూడాలి. నావల్ల కాదు."

"పీట పోతుంది."

"పోతుంది," అంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

మామగారికి ఒక్కరికే చెప్పేద్దామనుకుంది. మెట్ల వైపు రెండడుగులు కూడా వేసింది. మెట్లు దిగిన మామగారు ఒక్కరే లేరు. వెనక టీచరుగారు ఉన్నారు. అరగంట ముందే వచ్చి, మెట్ల దగ్గరి వీధి తలుపులో ఆయనకు ఎదురుపడ్డారట.

"టీచరుగారి గిటార్ తీసుకురా అమ్మా. కాగితం కూడా."

టీచరుగారు అరవైకి దగ్గర్లో ఉన్న సన్నటి మనిషి. గిటార్ ఒళ్లో పెట్టుకుని కింది నుంచి పై దాకా ఒక్కో మెట్టూ మోగించి చూశారు. ఎక్కడా జరజర లేదు. మొహం విప్పారింది.

"నేను చచ్చేదాకా అరగవేమో ఇవి."

"అరిగితే తీసుకురండి," అన్నారు మామగారు. ఆయన హాస్యం అలాగే ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని కాగితం తీసుకున్నారు.

"ఒకటి. ముఖం మీద, గోటి గీత." లక్కతో పసుపెక్కిన వేలు దాని మీద ఆగింది.

"ఉంది," అన్నారు టీచరుగారు.

కొత్త కోడలు నోరు తెరిచి, మళ్లీ మూసేసింది. బల్ల దగ్గర భర్త సూదిని గుప్పిట్లో దాచుకుని నిలబడ్డాడు.

"రెండు. అంచున నొక్కు."

"ఉంది. అది మా మేడమెట్ల దయ."

మామగారు గిటార్‌ని తిప్పారు. తిప్పేటప్పుడు ఆయన ఎప్పుడూ తొందరపడరు, నిద్రపోయే పసిపిల్లను పక్క మార్చినట్టు తిప్పుతారు. ఆ ఆలస్యం ఆమెను చంపేస్తోంది.

"మూడు. వీపు మీద, ఎడమపక్క, కింద, వేలెడు గీత."

వేలు ఎడమపక్కకు వెళ్లింది. చెక్కకు అంగుళం పైన ఉంది.

"మామయ్యా, అక్కడ లేదు," అందామె. "ఇంకెక్కడా లేదు. అది కుడిపక్క ఉండేది. నేను కాగితం తప్పు గీశాను. తర్వాత దాన్ని తీసేశాం."

వేలు అక్కడే, గాలిలోనే ఆగిపోయింది. ఆయన తల ఎత్తలేదు.

"చూసి గీశావా, విని గీశావా?"

"విని."

"చెప్పింది ఎవరు?"

"నేను," అన్నాడు కొడుకు. "తీసిందీ నేనే నాన్నా. నా బకిల్ గీసిందనుకున్నా. తను పైన ఉంది, తనకి తెలియదు."

"బకిల్ గీసిందనుకున్నావు. నాకు చెప్పావా?"

"లేదు."

"ఎందుకు?"

జవాబు కోసం ఆగకుండా ఆయన గిటార్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కుడిపక్క ఒక్కసారి వంచి చూశారు. ఆమెకు చాలాసేపు దొరకని చోటు ఆయనకు రెప్పపాటులో దొరికింది. "నూనె ఎక్కువ పట్టించావు," అన్నారు. ఆ మూడు ముక్కలు చెంపదెబ్బలా పడ్డాయి. అతని చెవులు ఎర్రబడడం ఆమెకు ఇటునుంచి కనిపించింది.

టీచరుగారు లేచి నిలబడ్డారు.

"నా గిటార్ మీద గీత నాది," అన్నారు. గొంతులో ఇందాకటి సరదా లేదు. "నేను మెట్లు వేయమన్నాను. గీత తీయమని ఎవరు చెప్పారు? రేపు మీకు నా మొహం మీద ముడతలు నచ్చకపోతే అవీ తీసేస్తారా?"

"తప్పు మాదేనండి," అన్నారు మామగారు. "షాపుది. వేలెడు మేర పూత పలచబడింది. ఇప్పుడు తెలియదు. రెండు మూడేళ్లకు అక్కడ రంగు తేడా రావచ్చు. వస్తే తీసుకురండి, నేనే పూత వేసిస్తాను. ఇదంతా కాగితం మీద రాసిస్తాను."

బయట ఎవరో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు చాలా పెద్దగా వినిపించింది. టీచరుగారు గిటార్ తీసుకుని, గీత ఉండిన చోట బొటనవేలు పెట్టి రుద్దారు. ఆ వేలికి దారి తెలుసు. రెండుసార్లు వెతికింది.

"అది మా ఆయన చేసిన గీత," అన్నారు చివరికి. "పదకొండేళ్ల కిందట. ముట్టుకోవద్దంటే, ఒక్కసారి అని ఒళ్లో పెట్టుకున్నారు, బెల్టు బకిల్ దిగింది. అప్పట్నుంచి ఆయన ఏదైనా గొప్పకి పోతే నేను మాట్లాడను, గిటార్ బోర్లా తిప్పి పెడతాను. కిక్కురుమనరు. పదకొండేళ్ల ఆయుధం. రెండు గంటల్లో తుడిచేశాడు మీ అబ్బాయి."

ఎవరికీ నవ్వే ధైర్యం రాలేదు.

"గీత ఉండేదని, మీరు తీశారని స్పష్టంగా రాయండి. తారీఖు వెయ్యండి. కాగితం లేకుండా ఇంటికెళితే అసలు గీతే పడలేదంటారు ఆ మనిషి."

మామగారు రాశారు. ఆయన రాయడం అయ్యేదాకా టీచరుగారు కొత్త కోడలిని ఎగాదిగా చూశారు. "నీకు పెళ్లయి ఎన్నాళ్లయింది?" అన్నారు.

"ముప్ఫై తొమ్మిది రోజులండి."

"నువ్వూ ఒక గీత దాచుకో," అని, కాగితం మడిచి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయారు. కోపం తగ్గిందో లేదో నడకను బట్టి తెలియలేదు.

తలుపు మూసుకున్నాక మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కొడుకు దగ్గరికి వెళ్లి చెయ్యి చాపారు. అతను గుప్పిట విప్పాడు. సూది చూసి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. సూది వైపు, ఖాళీగా ఉన్న ఫెల్టు గుడ్డ వైపు, దాని రెండు పక్కలా ఉన్న గుడ్డ ఉండల వైపు, బల్ల మీది స్కేలు వైపు చూశారు. అంతా అర్థమైంది. ఒక్క మాట అడగలేదు. ఆమెకు, అడిగి తిట్టి ఉంటే ఎంతో బాగుండేదనిపించింది.

"లక్క సీసా నేను చెప్పేదాకా ముట్టుకోకు," అన్నారు కొడుకుతో.

తర్వాత వంగి, ముక్కాలిపీట ఎత్తారు. ఆమె, మెట్ల వైపు వెళతారనుకుని దారి ఇచ్చి పక్కకు తప్పుకుంది. ఆయన మెట్లు దాటి, కౌంటరు దగ్గర తన కుర్చీకి ఎదురుగా, వీధి వైపు కిటికీ కింద పీట దింపారు. అక్కడ కూర్చుంటే భర్త బల్ల పూర్తిగా వీపు వెనక ఉంటుంది.

"ఇక్కడ కూర్చో."

"మామయ్యా, నెల..."

"నెల పోయింది. రేపట్నుంచి మళ్లీ ఒకటో రోజు." ఆయన కుర్చీలో కూర్చున్నారు. "నా వేలు ఆనకముందు నోరు విప్పావు. ఆనాక విప్పి ఉంటే పైకే."

ఆమె కూర్చుంది. వెనక ఎంత దూరంలో ఉన్నాడో చూడాలనిపించింది గాని చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అదే సమయంలో పెదవుల చివర నవ్వు కూడా కదిలింది. రెంటిలో దేన్ని ఆపుకోవాలో తెలియక ఫైలు తెరిచి కొత్త కాగితం తీసింది.

సైకిల్ స్టాండు వేసిన మనిషి లోపలికొచ్చాడు. ఆర్కెస్ట్రాలో వాయించేవాడట. వీపున వేలాడుతున్న సంచీ విప్పి నల్ల గిటార్ ఒకటి కౌంటరు మీద పెట్టాడు. ఒంటి నిండా గీతలే, పిల్లి గోళ్లు పదును పెట్టుకున్నట్టు.

"మొత్తం రాయాలాండి ఇవన్నీ?" అన్నాడు నవ్వుతూ.

వెనక నుంచి భర్త గొంతు అలవాటు చొప్పున మొదలెట్టింది. "ముందు వీపు చూస్తే, కుడిపక్క..."

"నువ్వు నోరు మూసుకో," అన్నారు మామగారు.

ఆమె గిటార్‌ని తనే రెండు చేతులా ఎత్తి, బోర్లా తిప్పి, కిటికీ వెలుగులోకి వంచింది. మొదటి గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కంటితో చివరిదాకా వెళ్లి చూసింది. చూసి, గీసింది. పక్కన ఒకటి అంకె వేసింది. ఆ గిటార్‌కి ఆ రోజు నలభై ఒక్క గీతలు తేలాయి.